థైరాయిడ్ మాత్ర: మానకూడని రోజు, ఆపవలసిన రోజు



క్రిందటి వర్షాకాలంలో ఒక సోదరిని మధ్యాహ్నం వేళ ఆటోలో తీసుకొచ్చారు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఒళ్ళు కాలిపోతోంది. గొంతులో పుళ్ళు, గుటక కూడా పడటం లేదు. నాలుగు రోజులుగా ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఇంజక్షన్లు చేయించుకుంటున్నారు. వాళ్ళ సంచిలోంచి మందుల చీటీ తీసి చూస్తే అది మన ఆసుపత్రి చీటీయే. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందని ఆరు వారాల క్రితం కార్బిమజోల్ మాత్రలు రాసిచ్చాము. వెంటనే రక్తపరీక్ష చేయిస్తే, క్రిములతో పోరాడే తెల్లకణాలు దాదాపు లేవని తేలింది.

"జ్వరం వచ్చాక కూడా ఈ మాత్ర వేసుకున్నావా అమ్మా?" అని అడిగాను.

"ఒక్క పూట కూడా మానలేదు సిస్టరమ్మా. మానొద్దని మీరే చెప్పారు కదా" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. మానవద్దని చెప్పింది నేనే. ఎప్పుడు ఆపాలో మాత్రం చెప్పలేదు. మాత్ర ఆపించి, విడిగా గదిలో ఉంచి, సెలైన్‌లో బలమైన యాంటీబయాటిక్స్ ఎక్కించారు. దేవుని దయవలన పది రోజులకు కణాలు మళ్ళీ పెరిగాయి, నడిచి ఇంటికి వెళ్ళింది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా నాకు భయం వేస్తుంది. ఈ పేజీలో రాయాలని కూర్చోవడానికి ఆమె అన్న ఆ మాటే కారణం.

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. మన ప్రాంతంలో ఎవరిని అడిగినా "నాకు థైరాయిడ్ ఉందండీ" అంటారు. థైరాయిడ్ గ్రంథి అందరికీ ఉంటుంది, గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో. జబ్బు రెండు రకాలు. గ్రంథి మందగిస్తే ఒకటి, అతిగా పరుగెడితే మరొకటి. మందగించినవారే ఎక్కువ కాబట్టి "థైరాయిడ్ మాత్ర" అంటే అందరికీ తెలిసింది ఉదయం పరగడుపున వేసుకునే థైరాక్సిన్. అతిగా పనిచేసేవారికి ఇచ్చే కార్బిమజోల్ దానికి పూర్తిగా వ్యతిరేకమైన మందు. వదినగారి సీసాలోంచి రెండు మాత్రలు అప్పు తీసుకుని వేసుకున్నవారిని నేను చూశాను. పొయ్యి మండిపోతుంటే కిరసనాయిలు పోసినట్టే అది.

రిపోర్టు చదవడంలోనూ ఇదే తికమక. టి.ఎస్.హెచ్. తక్కువ అని చూసి "థైరాయిడ్ తక్కువగా ఉందట" అనుకుంటారు. టి.ఎస్.హెచ్. అనేది తలలోని పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. పనివాడు అడగకుండానే రెట్టింపు పని చేసేస్తుంటే యజమాని ఆజ్ఞ ఇవ్వడం మానేస్తాడు కదా, అలాగే గ్రంథి అతిగా పనిచేస్తే టి.ఎస్.హెచ్. అడుగంటిపోతుంది. కాబట్టి ఆ అంకె మీరే చూసుకుని మందు కొనుక్కోకండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి కూడా చెప్పాలి. కొన్ని ల్యాబుల్లో అది పరీక్షను తారుమారు చేసి, లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తుంది.

ఈ జబ్బు మనిషిని ఎలా మారుస్తుందో ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాలి. ఇద్దరి తిండి తింటారు, చిక్కిపోతారు. చలికాలంలో కూడా చెమటలు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర ఉండదు. కొందరికి కళ్ళు ముందుకు వస్తాయి, వారు బీడీ, సిగరెట్టు తాగితే కళ్ళ జబ్బు ఇంకా ముదురుతుంది. వీటన్నిటికంటే ఇంటిని కుదిపేసేది కోపం. చిన్న మాటకు అరుస్తారు, ఏడుస్తారు. "కోడలు గయ్యాళి" అన్నారు ఒక ఇంట్లో. ఇంకో ఇంట్లో దయ్యం పట్టిందని ప్రార్థన కూటానికి తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంటే నాడి నిమిషానికి నూట ముప్ఫై! ఆ కూటం నుండి ఆమెను నేరుగా మన దగ్గరికి పంపింది అక్కడి పాస్టరమ్మగారే. నాడి చూడాలన్న ఆలోచన ఆమెకు వచ్చినందుకు నేను ఈనాటికీ దేవుని స్తుతిస్తాను.

ఇక మందు సంగతి. గ్రేవ్స్ జబ్బు అనే రకం ఎక్కువగా కనిపిస్తుంది. అందులో శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున థైరాయిడ్‌ను అదేపనిగా రెచ్చగొడుతుంది. 1943లో అమెరికాలో డాక్టర్ ఆస్ట్‌వుడ్ ఈ తరహా మందులతో మొదట వైద్యం చేసి చూపించేవరకు ఆపరేషనే ప్రధానమైన దారిగా ఉండేది. ఇప్పుడు చవకైన మాత్రతో ఇంటి దగ్గరే ఉండి వైద్యం పొందుతున్నాము.

అయితే మాత్ర వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు. కారణం చెబుతాను. కార్బిమజోల్ కొత్త హార్మోను తయారు కాకుండా ఆపుతుంది. అప్పటికే గ్రంథిలో కొన్ని వారాలకు సరిపడా నిల్వ ఉంటుంది. గాదెలోకి కొత్త ధాన్యం రాకుండా ఆపినా పాత ధాన్యం అయిపోయేదాకా ఇల్లు గడుస్తుంది కదా. అందుకే మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ అనే మరో మాత్ర ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, వారికి ఆ మాత్ర ప్రమాదం.

రెండు నెలలయ్యేసరికి మనిషి తేరుకుంటాడు. బరువు పెరుగుతుంది, నిద్ర పడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. మన సంఘాల్లోని ఒక సోదరుడు ఇలాగే బాగుపడి, ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పి, ఆ రోజు నుండి మాత్రలు మానేశాడు. ఐదు నెలల తర్వాత గుండె లయ తప్పి వచ్చాడు. అలా లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఆయనకు అంతవరకు రాలేదు గాని, గుండె మందులు, రక్తం పలచబరచే మందులు అదనంగా వచ్చి చేరాయి.

ఆయన సాక్ష్యం తప్పని నేను అనను. స్వస్థపరచేవాడు దేవుడే అని నమ్మి ఈ పనిలో ఉన్నాను. కాని రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయం తీసి చూడండి. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆలకించి పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానన్నాడు. వాగ్దానం వచ్చిన తర్వాతనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉంది కదా, కట్టు ఎందుకు అని రాజు అడగలేదు. పాస్టర్లకు నా మనవి ఒకటే. సాక్ష్యం చెప్పించండి, చెప్పించిన తర్వాత "మందు ఎప్పటిదాకా వాడమన్నారు?" అని కూడా అందరి ముందే అడగండి. డాక్టరు మాటకంటే అయ్యగారి మాట మీదే మాత్ర మానేసేవారు, మానకుండా ఉండేవారు నాకు చాలామంది తెలుసు.

ఎప్పటిదాకా అంటే, గ్రేవ్స్ జబ్బుకు సాధారణంగా 12 నుండి 18 నెలలు. మొదట్లో నాలుగు నుండి ఆరు వారాలకొకసారి రక్తపరీక్ష చేసి మోతాదు తగ్గిస్తూ వస్తారు. పూర్తి కోర్సు వాడినా సుమారు సగం మందికి జబ్బు తిరగబడుతుంది. ఇది ముందే చెప్పకపోవడం వల్ల, తిరగబడినప్పుడు "మీ మందు పనిచేయలేదు" అని వేరేచోటికి వెళ్ళిపోతారు. తిరగబడితే రేడియో అయోడిన్ ఉంది, ఆపరేషన్ ఉంది. రేడియో అయోడిన్ 1941 నుండి వాడుకలో ఉన్న వైద్యం. హైదరాబాదు, వెల్లూరు వంటి చోట్ల ఇస్తారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. దాని తర్వాత చాలామందికి గ్రంథి మందగించి, జీవితాంతం థైరాక్సిన్ వాడాల్సి వస్తుంది. "ఒక జబ్బు పోయి ఇంకో జబ్బు వచ్చింది" అని బాధపడతారు గాని, గుండె చెడగొట్టుకోవడంకంటే ఉదయం ఒక మాత్ర వేసుకోవడం నయం అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ సోదరి విషయానికి వస్తాను. కార్బిమజోల్ వాడేవారిలో వెయ్యి మందిలో ఇద్దరు నుండి ఐదుగురికి తెల్లకణాలు హఠాత్తుగా పడిపోతాయి. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో వస్తుంది, తర్వాత కూడా రావచ్చు. ముందు వారం రక్తపరీక్ష బాగుంటే ఈ వారం రాదని నమ్మడానికి లేదు. కాబట్టి రోగికి తెలిసి ఉండటమే అసలైన కాపలా. జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుళ్ళు, వీటిలో ఏది వచ్చినా ఆ పూట నుండే కార్బిమజోల్ ఆపి, అదే రోజు తెల్లకణాల పరీక్ష చేయించుకోవాలి. కణాలు బాగుంటే అది మామూలు జలుబే, డాక్టరు చెప్పగానే మాత్ర మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఒకటి రెండు పూటలు ఆపినందువల్ల నష్టం లేదు. కణాలు పడిపోతే మాత్రం ఆ మందును జన్మలో మళ్ళీ వాడకూడదు. కళ్ళు పచ్చబడినా, భరించలేని కడుపునొప్పి వచ్చినా ఇలాగే ఆపి రావాలి. ఒంటి మీద దురద, దద్దుర్లు మాత్రం తరచుగా వచ్చేవే, వాటికి కంగారుపడి మీ అంతట మీరు మానకండి, వచ్చి చూపించుకోండి.

ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్ళవద్దని నేను చెప్పినా ఎవరూ వినరు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. వెళితే మాత్రం "నేను కార్బిమజోల్ వాడుతున్నాను" అని మొదటి మాటగా చెప్పండి. నియోమెర్కజోల్ అని అట్ట మీద ఉన్నా అదే మందు. పారాసెటమాల్‌తో జ్వరం దిగినా రక్తపరీక్ష తప్పదు.

ఇంత ముఖ్యమైన మాట మన చీటీ మీద ఎందుకు లేదు? మందుల కౌంటరులో కవరు మీద ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు గీసి ఇస్తాము. వెనుక వరుసలో ముప్ఫై మంది నిలబడి ఉంటారు. రోగి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, క్యాబేజీ తినవచ్చా అని. వండిన క్యాబేజీ కొంచెం తింటే ఏమీ కాదమ్మా, మామూలు ఉప్పు కూడా వాడుకోవచ్చు. క్యాబేజీ గురించి అడిగినంతగా జ్వరం గురించి ఎవరూ అడగరు, అడగలేదు కదా అని మేమూ చెప్పము. తప్పు అడగనివారిది కాదు, మాది.

అందుకే మా పెద్దలను ఈ పత్రిక ద్వారానే కోరుతున్నాను. కార్బిమజోల్ రాసిన ప్రతి చీటీ మీద ఎర్ర సిరాతో "జ్వరం, గొంతు నొప్పి వస్తే ఈ మాత్ర ఆపి వెంటనే రండి" అని ముద్ర వేయాలి. చదవడం రానివారికి ఇంట్లో చదివేవారిని పిలిపించి చెప్పాలి. ఆ ముద్ర ఉన్న చీటీతో వచ్చినవారిని ఓ.పి. వరుసలో నిలబెట్టకుండా నేరుగా ల్యాబుకు పంపాలి. ఖర్చు ఎంత? ఒక రబ్బరు ముద్ర, ఒక సిరా పెట్టె. వరుస తప్పించామని మిగతావారు గొడవపడతారని ఒకరు అన్నారు. పడనివ్వండి, సంగతి చెబితే మన జనం అర్థం చేసుకోగలరు.

పెళ్ళయిన ఆడపిల్లలకు ఇంకొక మాట. గర్భం మొదటి నెలల్లో కార్బిమజోల్ వాడితే బిడ్డకు పుట్టుకతో లోపాలు రావచ్చు. అలాగని జబ్బుకు వైద్యం లేకుండా వదిలేస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. బిడ్డ కోసం చూస్తున్నామని ముందే చెబితే డాక్టరు వేరే మందుకు మార్చడమో, ముందుగా జబ్బు పూర్తిగా తగ్గించడమో చేస్తారు. నెల తప్పిందని అనుమానం వస్తే మూడో నెల దాకా దాచకండి, ఆ వారమే రండి. ఇది అత్తగారికి కూడా తెలిసి ఉంటే మంచిది, ఆసుపత్రికి పంపేది చాలా ఇళ్ళలో ఆమే కనుక.

ఆ సోదరి ఇప్పుడు రేడియో అయోడిన్ వైద్యం పొంది, థైరాక్సిన్ వాడుతోంది. క్రిందటి నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు తోడుగా వాళ్ళ ఊరామెను తీసుకొచ్చింది. ఆమెకు కూడా కొత్తగా కార్బిమజోల్ రాశారు. నేను నోరు తెరిచేలోపే, "జ్వరం వస్తే ఇది ఆపేసి వచ్చెయ్యాలి, లేకపోతే నాలాగ అవుతావు" అని ఈమే ఆమెకు చెబుతోంది.