నొప్పుల వేళ తొందరపెట్టకండి

కోడలికి నొప్పులు మొదలైన రాత్రి, పెద్దతిప్పసముద్రం నుంచి మదనపల్లె ఆసుపత్రి దాకా ఆ పిల్ల నడుము రాస్తూనే కూర్చున్నా. బిడ్డ తల గర్భసంచి ముఖద్వారాన్ని ఒత్తేకొద్దీ మెదడు ఆక్సిటోసిన్ వదులుతుంది. నొప్పి పెరుగుతుంది, తల ఇంకా దిగుతుంది, ద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. భయపెడితే అడ్రినలిన్ పెరిగి ఆ నొప్పులే మందగించవచ్చు. అందుకే ‘అరవద్దు’ అని కసరడం తప్పంటాను. పక్కన అమ్మనో అత్తనో ఉండనివ్వాలి. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న లెక్క అందరికీ పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే! ప్రాణం మీదికొస్తే కోయాల్సిందే, కాదనను. మా కోడలు మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది, నడిచింది. తెల్లారేసరికి మనవరాలు పుట్టింది.