పెరుగుకు కాదు, పంచదారకు భయపడండి

“పొద్దున్నే పెరుగా? పిల్లలకు జలుబు చేయదూ?” అని ప్రశ్నించే తల్లిదండ్రులే తీపి పొడిని పాలలో కలిపి, బలమని నమ్మి తాగిస్తున్నారు. ఈ వైపరీత్యాన్ని ఖండించక తప్పదు. జలుబుకు కారణం వైరస్, పెరుగు కాదు. పెరుగు కలిపిన చద్దన్నం తిని బడికి వెళ్ళిన తరాలు మనవే.

ఇక ఆ పొడుల సంగతి. 2006 నాటి మన ఆహార భద్రతా చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అన్న నిర్వచనమే లేదు. అటువంటి పానీయాలను ఆ పేరిట చూపవద్దని 2024లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ఆన్‌లైన్ విక్రయ సంస్థలకు సూచించింది. డబ్బా వెనుక ముద్రించిన చక్కెర పరిమాణాన్ని ఒక్కసారి చదవండి.

కప్పు పెరుగు, బాగా మగ్గిన అరటిపండు, నాలుగు బొప్పాయి ముక్కలు మిక్సీలో వేస్తే ఒక్క నిమిషంలో స్మూతీ సిద్ధం. వడకట్టవద్దు, పీచు పోతుంది. పంచదార, ఐస్‌క్రీమ్ వద్దు. తేనె సహజమైనదే కదా అంటారేమో! ప్రపంచ ఆరోగ్య సంస్థ దానినీ పరిమితం చేయవలసిన చక్కెరలలోనే చేర్చింది. ఏడాది నిండని శిశువుకు తేనె ప్రమాదకరం కూడా.

స్మూతీ ఒక్కటే చాలదు. ఇడ్లీయో, ఉడికించిన గుడ్డో తోడుండాలి. సమయం లేదన్నది సాకు మాత్రమే. ప్రకటనలను నమ్మినంతగా మన పెరుగు కుండను నమ్మలేమా?