కొలువుకు పిలుపు, చదువుకు తాళం

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన ఇళ్ళలో చర్చకు రావలసినంతగా రాలేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన పదిహేడేళ్ళ విద్యార్థిని తండ్రి నడిపిన కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగించిన న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా అంతటితో ఆగలేదు. మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ పదిహేను మార్గదర్శకాలు జారీ చేశారు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంపై శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. ఇందుకు చట్టం వచ్చే వరకు ఈ మార్గదర్శకాలే అమల్లో ఉంటాయి.

ఈ మాటను సాలూరు నుంచి చూస్తే దాని బరువు తెలుస్తుంది. చుట్టూ కొండల్లో ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు. కింద పట్టణంలో ఉన్నత పాఠశాలలు, జూనియర్ కళాశాలలు. వంద దాటిన సంస్థలకు ఇక్కడ కొదవ లేదు. ఏడెనిమిదేళ్ళకే తల్లిని వదిలి హాస్టలుకు వచ్చే గిరిజన బిడ్డ ఇంట్లో కువి మాట్లాడుతుంది, లేదా సవర. మన పిల్లలు ఉర్దూలో ఏడుస్తారు. దిగులు చెప్పుకోవడానికి పరాయి భాష చాలదు. దూరపు నగరం నుంచి వారానికొకసారి వచ్చి సంతకం పెట్టి వెళ్ళే కౌన్సెలరు వీరికి ఏపాటి అక్కరకు వస్తాడు? ఈ నేలలో పుట్టి ఈ భాషలు విన్నవారే ఈ ఉద్యోగాల్లోకి రావాలి. మన యువతకు, గిరిజన యువతకు ఒకే విధంగా తెరుచుకోవలసిన దారి ఇది.

కానీ జరిగింది వేరు. ఆ తీర్పు వచ్చిన కొద్ది వారాలకే, 2025 ఆగస్టులో, యూజీసీ మరో ఉత్తర్వు వెలువరించింది. ఆ విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని కొత్తగా ఎవరికీ బోధించరాదన్నది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి సైకాలజీ వస్తుందన్నది దానికి ఆధారం. ఉత్తర్వు ఉద్దేశాన్ని మేము తప్పుపట్టము. మనసు విప్పిన మనిషి ఎదుట ఎలా కూర్చోవాలో పోస్టులో వచ్చిన పుస్తకం నేర్పదు. అయితే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయపు ఎం.ఏ. సైకాలజీయే ఆశగా ఉన్నవారెవరు? పెళ్ళయి ఇల్లు కదలలేని ఆడపిల్లలు. పగలు లారీ షెడ్డులో పని చేసి రాత్రి చదువుకునే కుర్రవాళ్ళు. వారికి బదులు దారి చూపకుండానే ఉన్న తలుపు మూశారు. ఇది అన్యాయం.

మిగిలినది రెగ్యులర్ చదువు. మనకు అందుబాటులో ఉన్నది నూరు కిలోమీటర్లకు పైబడిన విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. (అక్కడి విభాగానికి మనస్తత్వశాస్త్రంతో పాటు పరామనోవిజ్ఞానం పేరు కూడా తగిలించి ఉంది, కోనేరు రామకృష్ణారావు గారు నాటిన విత్తు అది.) క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఎం.ఏ. ఒక్కటే చాలదు. భారత పునరావాస మండలి గుర్తించిన సంస్థలో ఆసుపత్రి శిక్షణ పొందాలి, మండలిలో నమోదు కావాలి. ఇన్నేళ్ళూ అందుకు ప్రధాన మార్గం రెండేళ్ళ ఎం.ఫిల్. అన్నీ కలిపితే ఇంటర్ తర్వాత ఏడెనిమిదేళ్ళు. అన్నాళ్ళు కొడుకు సంపాదన కోసం ఎదురుచూడగల ఇళ్ళు మనలో ఎన్ని? పరిశోధన స్థాయిలో మైనారిటీ విద్యార్థులను నిలబెట్టిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. ఇతర పథకాలతో కలిసిపోతోందని పార్లమెంటులో కారణం చెప్పారు. ఆ ఇతర పథకాల్లో మనవారి వాటా ఎంతో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

తప్పంతా ప్రభుత్వానిదే అనలేము. స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపించుకోవడానికి వచ్చే తల్లిదండ్రులతో సైకాలజీ మాటెత్తితే, "పిచ్చివాళ్ళ చదువు మా అమ్మాయికెందుకు సాబ్, సంబంధాలు రావు" అంటారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి మందులు రాసే వైద్యుడనీ, సైకాలజిస్టు పరీక్షలతో, సంభాషణతో చికిత్స చేసేవాడనీ చాలామందికి తెలియదు. ఇంట్లో ఎవరికైనా నిద్రపట్టకపోతే, ఊరకే ఏడుస్తుంటే ముందు నజర్ అంటారు, తర్వాత తావీజు కడతారు. దుఆ మన విశ్వాసం, దాన్ని ఎవరూ వదులుకోనక్కరలేదు. కాని దుఆ చేస్తూనే జ్వరానికి మాత్ర వేసుకుంటున్నాము కదా! తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఆరోగ్య గ్రంథం రాశారు. దుఃఖాన్ని, భయాన్ని, పదేపదే పీడించే తలపులను విడివిడిగా పరిశీలించారు. మన పెద్దలు సిగ్గుపడని విద్యకు మనమెందుకు సిగ్గుపడాలి?

అవసరం చిన్నది కాదు. నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, సాధారణ మానసిక రుగ్మతలున్న నూరుమందిలో ఎనభై అయిదుగురికి చికిత్స అందడం లేదు. పరదా పాటించే మన స్త్రీలు ఆ మాట చెప్పుకోవడానికి మన స్త్రీలే ముందుకు రావాలి.

కాబట్టి మేము అడుగుతున్నది ఇది. పార్వతీపురం మన్యం జిల్లాలో కనీసం ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనైనా సైకాలజీ మేజరుగా చదివే వీలుండాలి. విశాఖలో పీజీ చదివే బీసీ-ఇ, గిరిజన విద్యార్థినులకు వసతి హామీ ఉండాలి. ఫెలోషిప్ తిరిగి రావాలి.

ఇవి అడిగిన వెంటనే రావు. గుమాస్తా కొలువులో మేము నేర్చినది ఒకటుంది: నోటితో అడిగినదానికి ఫైలు కదలదు. జిల్లా విద్యాశాఖకు, పార్వతీపురం ఐటీడీఏకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాము. జిల్లా కార్యాలయానికి రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. వందకు మించి పిల్లలున్న సంస్థలు ఎన్ని? వాటిలో కౌన్సెలర్లను నియమించినవి ఎన్ని? వారి అర్హత ఏమిటి, వారికి ఏ భాషలు వచ్చు? ఈ ప్రశ్నలతో దరఖాస్తు నమూనా సిద్ధం చేస్తున్నాము. వచ్చే జుమా నమాజు తర్వాత సంతకాలకు రండి, ఇంటర్ చదువుతున్న పిల్లలను కూడా వెంటబెట్టుకుని రండి.