ఫొటో తీసేముందు ఆవిణ్ణి అడిగారా?

మొన్న మా అత్తగారి పేరుమీద ఓ వృద్ధాశ్రమంలో భోజనాలు పెట్టించామండీ. గారెలు, పరమాన్నం. పళ్లులేని వాళ్లకి గారెలేమిటని మావారు సణిగారనుకోండి. వడ్డిస్తూ నాలుగు ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను.

మర్నాడు ఆశ్రమం నుంచి ఫోను. చివర కూర్చున్న మామ్మగారు ఒకటే ఏడుపట! ఊళ్లో అందరికీ "మా అబ్బాయి దగ్గరే ఉంటున్నా" అని చెప్పుకున్నారట పాపం. నా ఫొటో ఎవరి ద్వారానో ఆ ఊరు చేరింది. వెంటనే తీసేశాను. కానీ ఎవరో దాచుకుని పంపినది ఎలా వెనక్కొస్తుంది? నేను ఫోను ఎత్తగానే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకోబోయారు. సిగ్గనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. ఆశ్రమంలో చేరితే ఆ హక్కు పోదు కదా.

మీరూ వెళ్తే, మేనేజరు సరేనన్నా సరే, ఆ పెద్దావిణ్ణే అడగండి. ఎక్కడ పెడతారో కూడా చెప్పండి. మతిమరుపు ఉన్నవాళ్లు నవ్వుతూ తలూపినా తీయకండి. మంచాన ఉన్నవాళ్ల జోలికి అసలు వద్దు. వెనకాల మందుల చీటీలు, పేర్ల బోర్డులు పడతాయి, చూసుకోండి. అంతగా కావాలంటే విస్తరి తీయండి, వడ్డించే మీ చెయ్యి తీయండి. మీవాళ్లే అక్కడుంటే, ఫొటోలు బయట పెట్టొద్దని కాగితం మీద రాసివ్వండి.

ఆదివారం వెళ్లి ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "గారెలు మెత్తగా కుదిరాయమ్మా" అన్నారు చివరికి.