బస్తాలో ఏముందో చెప్పాల్సిందే

తెల్లారకముందే మాస్తి చుట్టుపక్కల పల్లెల్లో పాల సంఘాల ముందు క్యాన్లు వరుస కడతాయి. చెంబెడు పాలు పోసినా పరీక్ష తప్పదు. ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అని మిషను అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఆవు పాలలో ఫ్యాట్ 3.2 శాతానికి, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 శాతానికి తగ్గకూడదన్నది ఇప్పుడు దేశమంతటా ఒకే ప్రమాణం. అంకె కాస్త తగ్గితే ధర తగ్గుతుంది. మరీ తగ్గితే పాలు వెనక్కి వస్తాయి. పసిపిల్లలు తాగే పాలకు ఆ మాత్రం కట్టడి ఉండాల్సిందే, కాదనేవారు లేరు. మరి ఆ పాలిచ్చే ఆవు నోట్లోకి పోయే దాణా బస్తాకు ఇలాంటి కట్టడి ఏది? పాలకు మిషను పెట్టిన సర్కారు బస్తాను ఎందుకు వదిలేసింది?

కోలారు జిల్లాకు బంగారం, పట్టు, పాలు అని మూడు పేర్లుండేవి. కేజీఎఫ్ గనులు 2001లో మూతపడ్డాయి. పట్టు ధర ఏ రోజు ఎలా ఉంటుందో చెప్పలేం. ఏడాది పొడుగునా పారే నది లేని సీమ ఇది. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. ఇక మిగిలింది పాలు. మాస్తి వెంకటేశ అయ్యంగార్ పేరుతో ఈ ఊరు కన్నడ సాహిత్యంలో నిలిచిపోయింది, నిజమే. కానీ ఇక్కడి చిన్న రైతు ఇంట్లో పొయ్యి వెలిగేది రెండు సీమావుల పుణ్యాన. పాల ఖర్చులో సగానికి పైగా మేతకు, దాణాకే పోతుంది. అంత డబ్బు పోసి కొన్న బస్తాలో ఏముందో రైతుకు తెలియదు.

అంగడిలో అడిగి చూడండి. ‘మంచి ఫీడే, అందరూ తీసుకుపోతా ఉన్నారు’ అంటాడు అంగడాయన. బస్తా మీద కొమ్ములు తిరిగిన ఆవు బొమ్మ, పాలధార బొమ్మ పెద్దగా ఉంటాయి. ప్రొటీన్ ఎంత, ఏ చెక్క కలిపారు, యూరియా ఉందా లేదా, ఎప్పుడు తయారైంది అన్నవి వెతుక్కోవాలి. ఉన్నా చిన్న అక్షరాల్లో, చాలాసార్లు ఇంగ్లిషులో. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివిన రైతు ఆ ఇంగ్లిషు ఎవరితో చదివించుకోవాలి? ‘ఈ మూట మార్చినంక ఆవు పాలు తగ్గిపాయె, ఎవరిని అడగాల?’ అని రైతు అడిగితే జవాబు చెప్పే అధికారి దొరకడు.

అసలు లోపం చట్టంలోనే ఉంది. 2006లో తెచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ‘ఆహారం’ అంటే ఏమిటో చెబుతూ పశువుల దాణాను అందులోంచి తీసేసింది. పాలు ఆహారం, పాలుగా మారే దాణా ఆహారం కాదు! కాగితం మీద ఈ గీత గీయడం సులువే. ఆవు కడుపులో మాత్రం అలాంటి గీత లేదు.

చెమ్మ తగిలిన వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్నలకు బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఆవు దాన్ని తింటే కొంత భాగం రూపు మార్చుకుని పాలలోకి దిగుతుంది. పాలు కాచినా అది పోదు. ఆహార భద్రత సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలను పరీక్షించి, 2019 అక్టోబరులో ఫలితాలు బయటపెట్టింది. జనం భయపడిన సబ్బుపొడి కల్తీ పెద్దగా కనబడలేదు. ఆరోగ్యానికి హాని చేసే కల్తీ పట్టుబడింది 12 నమూనాల్లోనే. పరిమితికి మించి అఫ్లాటాక్సిన్ ఉన్నవి మాత్రం 368, అంటే 5.7 శాతం. ఇది పాలవాడు చేసిన కల్తీ కాదు, మేత, దాణా ద్వారా వచ్చిందేనని, దేశంలో దాణా మీద నియంత్రణ లేదని ఆ సంస్థే ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక 2020లో ఒక అడుగు వేసింది. పాడి పశువుల కోసం అమ్మే దాణా ఐఎస్ 2052 ప్రమాణానికి సరిపోవాలని, బస్తా మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండాలని ఆదేశించింది. ఆ ప్రమాణం ప్రకారం దాణాలో తేమ 11 శాతం మించకూడదు. అఫ్లాటాక్సిన్ వంద కోట్ల పాళ్లలో 20 పాళ్లు దాటకూడదు. యూరియాకూ హద్దు ఉంది. చదవడానికి బాగుంది. ఆ తర్వాత జరిగింది వాయిదాల పర్వం. గడువు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ పెంచుకుంటూ పోయారు. పాల రైతుకు ఒక్క పూటైనా గడువు ఇచ్చారా? అంకె తగ్గిన రోజే అతని ధర కోసేస్తున్నారు.

దాణా సంగతి పశువులతోనే పోతుందనుకుంటే ప్రపంచం చెప్పిన పాఠాలు మరిచినట్టే. ఇంగ్లండులో మాంసం, ఎముకల పొడి కలిపిన దాణాతో ఆవులకు పిచ్చి జబ్బు పాకింది. ఆ రోగానికీ మనుషుల మరణాలకూ లంకె ఉందని అక్కడి ప్రభుత్వం 1996లో పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది. 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోతుంటే వెతికారు. చైనా నుంచి వచ్చిన గోధుమ ప్రొటీన్‌లో మెలమిన్ కలిపారని తేలింది. పరీక్షలో కొలిచేది నత్రజని. మెలమిన్‌లో నత్రజని మెండు. అందుకే లేని ప్రొటీన్ ఉన్నట్టు అంకె పలికింది. అది కుక్కల తిండే కదా అనుకునేలోపు, 2008లో చైనాలోనే అదే మెలమిన్ పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. ఆరుగురు బిడ్డలు చనిపోయారు. సుమారు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. మన దాణాలో యూరియాతో చేయగలిగిన మాయ కూడా ఇలాంటిదే. యూరియా తిన్న దూడ బతకడం కష్టం. బస్తా మీద రాయకపోతే రైతుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

బెంగళూరు, మాలూరు ఇళ్లలో పెంపుడు కుక్కలకు కొనే తిండిదీ ఇదే కథ. కుక్కల, పిల్లుల తిండికి ఐఎస్ 11968 అని ప్రమాణం రాసి పెట్టారు. పాటించడం మాత్రం కంపెనీ ఇష్టం. విదేశం నుంచి తెస్తే పశుసంవర్ధక శాఖ అనుమతి కావాలి. దేశంలో తయారైన పొట్లానికి ఆ మాత్రం అడ్డు కూడా లేదు.

సరిహద్దు జిల్లాలో ఇంకో చిక్కుంది. ముళబాగిలు, నంగిలి దాటితే చిత్తూరు జిల్లా. మాస్తి నుంచి ఇటు పోతే హోసూరు. చుట్టరికాలు, సంతలు, పశువుల బేరాలు, దాణా లారీలు అన్నీ గీత దాటి తిరిగేవే. దాణా తయారీ, నాణ్యత, అమ్మకం, పంపిణీలను అదుపు చేసేందుకు ఆంధ్రప్రదేశ్ 2020లో ప్రత్యేక చట్టం చేసింది. మంచి పనే. అయితే ఒక రాష్ట్రంలో తలుపు వేస్తే నాసిరకం సరుకు పక్క రాష్ట్రం తలుపు తడుతుంది. పాలకు దేశమంతా ఒకే ప్రమాణం పెట్టినప్పుడు దాణాకూ ఒకే చట్టం పెట్టడానికి అడ్డేమిటి?

కట్టడి చేస్తే ధర పెరుగుతుందని, చిన్న మిల్లులు మూతపడతాయని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అందుకు మందు వాయిదా కాదు. తాలూకాకు ఒక పరీక్ష కేంద్రం పెట్టి, చిన్న మిల్లువాడికి తక్కువ రుసుముతో పరీక్ష చేసిపెట్టాలి. నాసి దాణాతో ఆవు చూలు నిలవక, పాలు తగ్గి రైతు పోగొట్టుకునేదానితో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటిది?

ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అన్న మాటను కేంద్రం ఇక నాన్చకుండా నిలబెట్టుకోవాలి. కలిపిన సరుకుల పేర్లు, ప్రొటీన్, యూరియా, తయారీ తేదీ కన్నడంలోనూ, సరిహద్దు తాలూకాల్లో తెలుగులోనూ కళ్లకు కనబడేలా అచ్చు వేయించాలి. పాల పరీక్ష ఫలితం రైతు చేతికి వచ్చినట్టే, సంఘంలో అమ్మే దాణా పరీక్ష ఫలితం కూడా గోడకు అంటించాలి.

అంతవరకూ రైతులూ ఊరకుండకూడదు. ఐఎస్‌ఐ గుర్తు ఉంటే దాని కింది లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు. బిల్లు అడిగి తీసుకోండి. అనుమానం వస్తే బస్తాను, శేరెడు దాణాను దాచిపెట్టండి. బతుకుతెరువు కోసం స్వయంగా కష్టపడేవాడు కొన్న సరుకైతే 2019 వినియోగదారుల చట్టం అతన్నీ వినియోగదారుడిగానే చూస్తుంది. 5 లక్షల రూపాయల లోపు సరుకుపై జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.

పాలలో తేడా వస్తే రైతును నిలదీస్తున్నారు. దాణాలో తేడా వస్తే ఎవరిని నిలదీయాలో చెప్పే బాధ్యత సర్కారుది. ఆవు నోరు లేనిది. దాన్ని మేపే రైతుకు నోరుంది. ఆ నోరు పెగిలేదాకా బస్తా మూతి విప్పరా?