గంటల లెక్కలో విద్యార్థి సేవ

హైస్కూలు సేవా సంఘాల గురించి బడుల్లోనూ సభల్లోనూ పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ఊరికి ఏం ఒరిగిందన్నది తర్వాతి మాట, పిల్లల మనసులో సేవాభావం నాటుకుంటే అదే పదివేలు అన్నది దాని సారం. జూనియర్ రెడ్‌క్రాస్, స్కౌట్స్ అండ్ గైడ్స్, ఎకో క్లబ్, రోటరీ వారి ఇంటరాక్ట్, ఇంటర్ స్థాయిలో ఎన్‌ఎస్‌ఎస్... సంఘం ఏదైనా వార్షిక నివేదిక ఈ నమ్మకం మీదే నడుస్తుంది. ఎంతమంది వచ్చారు, ఎన్ని గంటలు చేశారు, ముఖ్య అతిథి ఎవరు అన్నవి అందులో ఉంటాయి. చేసిన పని ఆరు నెలల తర్వాత ఏమైందన్నదానికి గడి ఉండదు. కర్నూలు జిల్లా పత్తికొండ లాంటి మెట్ట ప్రాంతానికి ఈ అభిప్రాయం బొత్తిగా అతకదు. అక్కడ అది సేవనూ చెడగొడుతుంది, చదువునూ చెడగొడుతుంది.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేయాలని సూచించింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ ఇంకో అడుగు ముందుకేసి, హైస్కూలు చదువు ముగించి కాలేజీలో చేరబోయే ప్రతి విద్యార్థికీ దాన్ని తప్పనిసరి చేయాలంది. ఖర్చుకు భయపడి ప్రభుత్వం ఆ ఊసు వదిలేసింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ సేవను బడి దశ నుంచే చదువులో భాగం చేయాలని చెప్పింది. చివరికి గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని (ఎన్‌ఎస్‌ఎస్) ప్రారంభించారు. సమాజ సేవ ద్వారా విద్యార్థి వ్యక్తిత్వ వికాసం అన్నది ఆ పథకం ప్రకటించుకున్న లక్ష్యం. విద్యార్థి వికాసం గమ్యం, సమాజం దానికి దారి. పథకం నినాదం మాత్రం నా కోసం కాదు, మీ కోసం అంటుంది. నినాదానికీ లక్ష్యానికీ మధ్య ఉన్న ఈ పేచీని ఇన్నేళ్లలో పట్టించుకున్నవారు తక్కువ. ఇంటరాక్ట్ దారి వేరు. అది 1962లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ అనే పట్టణపు హైస్కూల్లో పుట్టి, మరుసటి ఏడే తమిళనాడులోని తంజావూరుకు చేరింది. తీరికా, కాస్త చేతిఖర్చూ ఉన్న ఇళ్ల పిల్లలకు లేని వాళ్ల కష్టం తెలియజెప్పడం ఆ తరహా సంఘాల పని. ఆ పిల్లలకు అది అవసరమే.

పత్తికొండ ప్రభుత్వ బడిలో కూర్చున్న పిల్లలు ఎవరు? వేరుశనగ, పత్తి, ఉల్లి, టమాటా వేసే రైతుల పిల్లలు, కూలీల పిల్లలు, గొర్రెలు కాసేవారి పిల్లలు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి పెద్దవాళ్ల వెంట నడిచేవాళ్లు. బడికి రాకముందే నీళ్లు మోసి, తమ్ముణ్ణో చెల్లెల్నో తయారుచేసి వచ్చేవాళ్లు. వీళ్లకు లేనివాళ్ల కష్టం మీద పాఠం అక్కర్లేదు. సంఘం నివేదికలో 'సమాజం' అన్న మాట కింద ఉన్న జనం వీళ్ల అమ్మానాన్నలే.

కాలేజీల్లో స్థిరపడి బడుల దాకా దిగివచ్చిన గంటల లెక్కను ఒకసారి విప్పి చూడాలి. ఎన్‌ఎస్‌ఎస్ వలంటీరు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. యూనిట్‌కు మామూలుగా 100 మంది. అంటే ఏడాదికి 12,000 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 1,500 పనిదినాలు. ఉపాధి హామీ భాషలో చెబితే 15 కుటుంబాలకు వంద రోజుల చొప్పున పని. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న పక్కనే ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైంది. దాని కింద కూలీ తవ్విన గుంతను పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచి, ఘనపు మీటర్ల లెక్కన డబ్బు కట్టారు. కొలతలో పని తగ్గితే కూలి తగ్గింది. అదే నేలలో ఆ కూలీ కొడుకు సేవా సంఘం తరఫున తవ్విన గుంతకు ఫొటోయే కొలత. తండ్రి పనిని టేపుతో, కొడుకు పనిని కెమెరాతో కొలిచే ఊళ్లో, చదువుకుంటే పనికి విలువ ఎలా తగ్గుతుందో ఆ కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాడు.

మొక్కలు నాటే కార్యక్రమం అందరికీ తెలిసిందే కనుక దాన్ని సాగదీయనక్కర్లేదు. గోడ పక్కన అడుగు వెడల్పు గుంత, మొక్క మొదలు చుట్టూ నాలుగైదు చేతులు, వెనక బ్యానర్, పక్కన చించి పారేసిన నల్ల ప్లాస్టిక్ సంచి. ముళ్లకంప వేయాలన్న సంగతి అతిథి కారెక్కాక గుర్తొస్తుంది. అప్పటికి మేక వచ్చే ఉంటుంది. జులైలో నాటడంలో తప్పు లేదు, కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ 1950లో వన మహోత్సవాన్ని వానాకాలంలోనే పెట్టాడు. చిక్కంతా వేసవిలో ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతమే 670 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, పడమటి మండలాల్లో అదీ నమ్మకం లేదు. మొక్క బతికేదీ చచ్చేదీ మార్చి నుంచి జూన్ లోపు తేలిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే బడికి పరీక్షలు, ఆ వెంటనే వేసవి సెలవులు. మొక్కకు నీళ్లు కావలసినప్పుడు సంఘం ఉండదు. వేసవిలో వంతుల వారీగా నీళ్లు పోసే ఏర్పాటు లేని బడి పది మొక్కలు నాటడం కంటే రెండు నాటడం మేలు.

పత్తికొండ చుట్టుపక్కల విద్యార్థులు మాత్రమే చేయగల పని వేరే ఉంది. ఖరీఫ్ చేతికొచ్చాక, పంట పోయిన ఏడైతే ఇంకా ముందే, కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి ఏరడానికి, తెలంగాణకు, బెంగళూరు కట్టడం పనులకు. బండిలో బియ్యం మూటలు, వంట పాత్రలు, పరుపు చుట్టలు, వాటి మీద పిల్లలు. చంటిబిడ్డను చూసుకోవడానికి ఎనిమిదేళ్ల పిల్ల, కాయ కోయడానికి పద్నాలుగేళ్ల పిల్ల. బడి రిజిస్టర్లో ఆ పేర్ల ఎదుట గైర్హాజరు గుర్తులు వరుసగా పడుతూ పోతాయి. ఉగాది నాటికో ఆ తర్వాతో తిరిగొచ్చేసరికి పాఠాలు అయిపోయి ఉంటాయి. కొందరు మళ్లీ బడి గడప తొక్కరు. ఇలాంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది. అయితే పిల్లను అక్కడ వదలడానికి తల్లిని ఒప్పించేవాళ్లు, అదీ బండి కదలకముందే, కావాలి.

ఏ ఇంట్లో మూటలు కడుతున్నారో టీచరుకు తెలిసేలోపే ఆ వీధి పిల్లలకు తెలుస్తుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి, "మీ లక్ష్మిని హాస్టల్లో ఇడిసిపో పెద్దమ్మా, ఆదివారం ఆదివారం నేను పోయి చూసొస్తా" అంటే, అధికారి ఇచ్చే ఉపన్యాసం కంటే అది ఎక్కువ చెవికెక్కుతుంది. ఆ హామీ నిలబెట్టుకోవడమే సేవ. తిరిగొచ్చిన పిల్లలను రోజూ గంటసేపు కూర్చోబెట్టి, పోగొట్టుకున్న పాఠం చదివించడం దాని తర్వాతి మెట్టు. చదవడం రాకపోవడం సుగ్గి పిల్లలకే ఉన్న లోటు కాదు. ప్రథమ్ సంస్థ దేశవ్యాప్తంగా గ్రామాల్లో జరిపిన 2022 అసర్ సర్వేలో, ఐదో తరగతి పిల్లల్లో 42.8 శాతం మందే రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగారు. ఈ పనికి కొలత తేలిక: అక్టోబరులో బడిలో ఉన్న పిల్లలెందరు, మార్చిలో ఉన్నదెందరు, వాళ్లలో పేరా చదవగలిగేవాళ్లెందరు.

గంటల లెక్కలోని అన్యాయం ఇక్కడే బయటపడుతుంది. సేవా సంఘంలో పేరున్న పిల్లే సుగ్గికి పోవలసి వస్తే, ఆ నాలుగు నెలలూ ఆమె సేవా గంటలు సున్నా. మిరప చేలో ఇంటి అప్పుకు చెయ్యి ఆసరా ఇచ్చి, తమ్ముణ్ణి సాకి తిరిగొచ్చిన పిల్లకు సర్టిఫికెట్ రాదు. ఊరు కదలనక్కర్లేని ఇంటి పిల్లకు వస్తుంది. సేవాభావానికి పరీక్ష పెట్టామనుకునే పద్ధతి ఆచరణలో ఇంటి స్థోమతకు మార్కులు వేస్తోంది.

విద్యార్థులు చేయగల పనుల్లో నీళ్ల సంగతి రెండోది. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827 జులై 6న కలరా సోకి చనిపోయింది పత్తికొండలోనే. కలరాకు కలుషితమైన నీరే కారణమని లండన్‌లో వైద్యుడు జాన్ స్నో చూపించడానికి అది 27 ఏళ్ల ముందు మాట. గవర్నరుకు అప్పుడు తెలియని సంగతి ఇప్పుడు హైస్కూలు సైన్సు పాఠంలో ఉంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉందో లేదో చెప్పే క్లోరోస్కోప్ వాడటం పదో తరగతి పిల్లలకు ఒక పూటలో వస్తుంది. గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, తేలిన పసుపు రంగును పక్కనున్న గళ్లతో పోల్చి చూడటమే పని. వారానికోసారి ట్యాంకు దగ్గరా, చివరి వీధి కుళాయి దగ్గరా చూసి, వచ్చిన అంకెను పంచాయతీ గోడ మీద తేదీతో రాస్తే, ట్యాంకు ఎప్పుడు కడిగారని అడిగే హక్కు ఊరికి వస్తుంది. పరిశుభ్రత మీద ర్యాలీ తీయడం కంటే ఇది చప్పగా ఉంటుంది, ఫొటోకు పనికిరాదు. పత్తికొండ టమాటా మార్కెట్లో కాటా చీటీ మీద తరుగు, కమీషన్, హమాలీ సరిగ్గా పట్టారో లేదో చూడటం కూడా అలాంటిదే. ఎనిమిదో తరగతి శాతాల లెక్క దానికి చాలు.

ఫలితంతో కొలిస్తే పిల్లల సేవ తట్టుకోలేదన్న వాదనకు చరిత్రలో ఆధారం లేదు. 1961లో క్యూబా బడులు మూసి, సుమారు లక్ష మంది విద్యార్థులను పల్లెలకు పంపింది. వాళ్లలో పదేళ్లు దాటిన పిల్లలూ ఉన్నారు. ఏడు లక్షల మందికి పైగా చదవడం, రాయడం నేర్చుకున్నారు. ఒక్కొక్కరు చివర్లో ఫిడెల్ కాస్ట్రోకు సొంతంగా ఉత్తరం రాస్తేనే చదువు వచ్చినట్టు లెక్క. ఆ ప్రచారంలో రాజకీయ ప్రబోధం కలిసి ఉంది, మెచ్చుకోవలసినది అది కాదు. కొలత ఎక్కడ పెట్టారన్నది గమనించాలి: నేర్పినవాడు గడిపిన గంటల్లో కాకుండా నేర్చుకున్నవాడు రాసిన ఉత్తరంలో. తెలుగునాట నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊళ్లో కాస్త చదువుకున్న యువతీ యువకులే జీతం లేకుండా రాత్రిపూట పాఠాలు చెప్పారు. ఆ తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు 1992లో దూబగుంట నుంచి సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం చెప్పిన కుర్రవాడి వ్యక్తిత్వం ఎంత వికసించిందో ఎవరూ లెక్కగట్టలేదు.

పిల్లలు పిల్లలే, వాళ్ల మీద ఫలితం భారం వేయకూడదన్న అభ్యంతరం వినడానికి దయగా ఉంటుంది. అయితే లెక్కల పరీక్షలో ఆ దయ కనిపించదు. అక్కడ జవాబు తప్పయితే మార్కు పోతుంది. సేవలో మాత్రం వచ్చి నిలబడితే చాలంటే, అది పనే కాదని ఒప్పుకున్నట్టే. సేవ పేరుతో చదువు పోతుందన్న తల్లిదండ్రుల బెంగలో ఇంతకంటే నిజం ఉంది. బ్యానర్ పట్టుకుని ఎండలో నిలబడే పూట పోయినట్టే. మూడో తరగతి పిల్లకు పేరా చదివించే పూట, చీటీలో తరుగు తేల్చే పూట పోవు.

గట్టిగా వినవలసిన అభ్యంతరం మరొకటి. ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని, పిల్లల చేత చేయించడం ఏమిటి? పత్తికొండ పక్కనే రాజుల మందగిరిలో అశోకుడి శాసనం ఉంది. దానికి దగ్గర్లోని ఎర్రగుడి శాసనాల్లో బాటల వెంట చెట్లు నాటించానని, బావులు తవ్వించానని రాజే చెప్పుకున్నాడు. చెట్టూ నీళ్లూ రాజ్యం బాధ్యతన్న మాట ఈ నేల మీద రాతి మీద రాసి ఉంది. అందుకే పిల్లలు ట్యాంకు కడగకూడదు, కడిగారో లేదో చూడాలి. సీజనల్ హాస్టల్ నడపకూడదు, అందులోకి పిల్ల చేరేలా చూడాలి. బడి మరుగుదొడ్లు, వీధి కాలువలు శుభ్రం చేయడం సేవా సంఘం పనుల పట్టిక నుంచి పూర్తిగా తీసేయాలి. ఆ చీపురు ఎప్పుడూ కొన్ని కులాల పిల్లల చేతికే చేరుతుందన్నది బడుల్లో అందరికీ తెలిసి ఎవరూ నివేదికలో రాయని సంగతి. పారిశుధ్య కార్మికుణ్ణి పెట్టకుండా మిగిలిన జీతం సేవాభావం ఖాతాలో జమ కాకూడదు.

ఇది చేయడానికి కొత్త పథకం, కొత్త నిధులు అక్కర్లేదు. 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన పత్తికొండలో బడి, మార్కెట్, మండల విద్యాధికారి కార్యాలయం అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. సంఘం రిజిస్టర్లో గంటల గడి తీసేసి, దాని చోట రెండు గడులు గీస్తే సరిపోతుంది: పని మొదలుపెట్టిన రోజు ఉన్న పరిస్థితి, ఆరు నెలలకు ఉన్న పరిస్థితి. మొదటి గడి నిండవలసింది దసరా సెలవుల లోపు, బండ్లు కదలకముందే.