కారణం తెలియని వెన్నుపూస ఫ్రాక్చర్‌కు కోడ్ వేయకండి

హైదరాబాద్‌లో, విశాఖలో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులకు కోడ్లు వేస్తున్నవారికి, వేయిస్తున్న టీమ్ లీడర్లకు ఇది హెచ్చరిక. వెన్నుపూస ఫ్రాక్చర్ల దగ్గర ఊహించి కోడ్ వేసే అలవాటును ఇవాళే మానండి.

ఇలాంటి చార్టు మీకు కొత్తేమీ కాదు. డెబ్బయి దాటిన మహిళ బాత్‌రూమ్‌లో జారి కూలబడింది. ఎమర్జెన్సీ నోట్‌లో ‘ఫాల్, ఎల్1 కంప్రెషన్ ఫ్రాక్చర్’ అని ఒక ముక్క రాసి వదిలేశారు. పాత జబ్బుల జాబితా అడుగున ఎక్కడో ఆస్టియోపొరోసిస్ ఉంది. ‘ఫాల్’ కనబడగానే చెయ్యి గాయాల కోడ్ ఎస్32 మీదికి పోతుంది. కానీ ఎముకలు గుల్లబారాయని తెలిసిన మనిషికి, గట్టి ఎముకైతే మామూలుగా విరగనంత చిన్న పాటుకే ఫ్రాక్చర్ అయితే ఎం80 వేయాలని ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. క్యాన్సర్ వల్ల పూస కూలితే ఎం84.5. డాక్టరును అడిగినా కారణం తేలకపోతే ఎం48.5. ఒక్క ఎల్1కు ఇన్ని దారులున్నప్పుడు ఏది సరైనదో తేల్చాల్సింది డాక్టరు. ఎన్‌కోడర్ ముందుగా చూపించే కోడ్ డాక్టరు మాట కాదు.

ఎస్ కోడ్ పడిందంటే రికార్డు దృష్టిలో ఆమె ఎముకకు ఏ లోపమూ లేదు, దెబ్బకు విరిగింది, అంతే. గుల్లబారిన ఎముకలకు మందు మొదలుపెట్టాలన్న సంగతి అక్కడే మరుగున పడుతుంది. ఒక పూస కూలినవారికి ఇంకోటి కూలే ముప్పు ఎక్కువని మరవకండి.

ఏడో అక్షరం దగ్గర జరిగే పొరపాటు ఇంకా ఘోరం. ‘ఏ’ అంటే మొదటి విజిట్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చికిత్స చురుగ్గా సాగుతున్నంతకాలం, కైఫోప్లాస్టీతో సహా, అది ‘ఏ’నే. ఆ తర్వాత మానుతున్న దశలో బ్రేస్ చూపించుకోవడానికి వస్తే ‘డి’. మానిపోయిన ఆస్టియోపొరోసిస్ ఫ్రాక్చర్‌కు జెడ్87.310 ఉంది. నిరుటి నోట్‌ను కాపీ కొట్టి ‘అక్యూట్ ఫ్రాక్చర్’ అని మళ్లీ అతికించిన చార్టుకు ‘ఏ’ వేస్తే, లేని ఫ్రాక్చర్‌కు మెడికేర్ డబ్బు చెల్లిస్తుంది. ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద తెలిసి చేసిన మోసమే కాదు, పట్టించుకోకుండా గుడ్డిగా వేసిన బిల్లూ తప్పే.

ఎంఆర్‌ఐలో మజ్జ వాపు కనిపిస్తే ఫ్రాక్చర్ కొత్తదని మీకు తోచవచ్చు. అయినా ఆ మాట చికిత్స చేసే డాక్టరు రాయాల్సిందే. ఆసుపత్రిలో చేరిన రోగికి రేడియాలజీ రిపోర్టు ఒక్కదాన్నే నమ్ముకుని కోడ్ వేయకూడదు. ఏ పూస, ఏ కారణం, కొత్తదా పాతదా, వెన్నుపాముకు దెబ్బ తగిలిందా? నోట్‌లో వీటిలో ఏది లేకపోయినా క్వెరీ పెట్టండి. ‘ఆస్టియోపొరోసిస్ అని రాయగలరా’ అంటూ జవాబును మీరే అందించకండి, బిల్లు ప్రస్తావన అసలే తేవద్దు.

టీమ్ లీడర్లకు ఒక మాట. క్వెరీలో ఉన్న చార్టును ఆ రోజు టార్గెట్‌లో లెక్కించకపోతే, ఊహించి కోడ్ వేయమని మీరే చెప్పినట్టు. ఈ నెల లెక్కల నుంచే ఆ పద్ధతి మార్చండి.